అమ్మ కీళ్లవాతానికి గంజాయి నూనె: ఎవరైనా వాడి చూశారా?

కొబ్బరితోట (ఆదివారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట పక్కన. అమ్మకి 61 ఏళ్లు. ఆరేళ్ల కిందట చేతివేళ్ల కణుపుల్లో మొదలైన నొప్పి ఇప్పుడు మణికట్లు, మోకాళ్లు, పాదాలు అన్నిటికీ పాకింది. పొద్దున లేచాక గంటన్నర దాకా పిడికిలి ముడుచుకోదు. కాఫీ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగుతుంది. ఒకప్పుడు పండగొస్తే పూటకి పాతిక కాయలు కోరిన చెయ్యి అది. ఇప్పుడు కత్తిపీట కనపడితే మొహం తిప్పేసుకుంటుంది.

సంగతేంటంటే, అమెరికాలో ఉండే మా పిన్ని కూతురు ఫోన్ చేసి "ఇక్కడ గంజాయితో చేసిన గమ్మీలు షాపుల్లో అమ్ముతారు, మా అత్తగారు మోకాళ్లకి వేసుకుంటున్నారు, హాయిగా నిద్రపోతున్నారు, పెద్దమ్మకి రెండు డబ్బాలు పంపనా" అంది. ఇక్కడేమో మా తోటలో కొబ్బరి దింపు తీసే అతను "అమెరికా దాకా ఎందుకు బాబూ, ఏజెన్సీ నుంచి శీలావతి గంజాయి నూనె తెప్పిస్తా, రాస్తే చాలు" అంటున్నాడు. నెట్లో చూస్తే విజయ తైలం, హెంప్ ఆయిల్, సీబీడీ ఆయిల్ అని వంద పేర్లు. ఒక సీసా ఇప్పటికే ఆర్డరు పెట్టేశాను కూడా.

వీటిలో ఏది ఏంటి? పనిచేస్తాయా? పోలీసు గొడవేమైనా ఉంటుందా? తిట్టకుండా చెప్పండి.

పులసపులుసు (రాత్రి 9:55)

తిట్టడమెందుకండీ, నూనె వచ్చాక మాక్కూడా ఓ చెంచా పంపండి. నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి, మనసుకే నొప్పి.

గోదారిగట్టు64 (రాత్రి 10:20)

ముందు ఆ పంపడాలు, తెప్పించడాలు ఆపండి. నేను పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. రాజమండ్రి మీదుగా హైవేలో పోయే సరుకు ఎంత పట్టుకున్నామో నాకే లెక్కలేదు.

మత్తుమందుల చట్టం పేరు ఎన్‌డీపీఎస్, 1985 నాటిది. అందులో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. వాటిలోంచి తీసిన బంకైతే చరస్, దానికి లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది. గంజాయి కేజీ లోపు అయితే "తక్కువ పరిమాణం", ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. కేజీ దాటి 20 కేజీల లోపు అయితే పదేళ్ల దాకా. 20 కేజీలు దాటితే పదేళ్లకి తక్కువ ఉండదు, ఇరవై దాకా పోతుంది. దగ్గర పెట్టుకోకపోయినా వాడినందుకే ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. పెరట్లో ఒక్క మొక్క పెంచినా అది సాగు కిందికే వస్తుంది, దానికి పదేళ్ల దాకా ఉంది. "మందుకోసమండి" అంటే వదిలేయరు.

ఒకసారి ఒక కుర్రాణ్ణి పట్టుకున్నాం. సంచిలో మూడొందల గ్రాములు. తాత మోకాళ్లకని ఏడుస్తూ చెప్పాడు. తాతని చూశాను, నిజమే, మంచం దిగలేకపోతున్నాడు. అయినా కేసు కేసే. ఆ కుర్రాడి ఉద్యోగం అప్లికేషన్‌లో ఇప్పటికీ ఆ గడి దగ్గర పెన్ను ఆగుతుంది. మీ దింపు అతను మంచోడే అయ్యుండొచ్చు, కానీ ఆ సీసా మీ ఇంట్లో దొరికితే పేరు మీదే రాస్తారు.

లక్కవరం_అమ్మాయి (రాత్రి 10:31)

అన్నయ్యగారూ, భంగు కూడా తప్పేనా మరి? కాశీలో కొట్లు పెట్టి అమ్ముతారు, నేను కళ్లారా చూశాను.

గోదారిగట్టు64 (రాత్రి 10:40)

మంచి ప్రశ్నే అమ్మా. పూత, కాయ లేకుండా ఉత్త ఆకు, గింజ అయితే ఈ కేంద్ర చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రావు. అందుకే కాశీలో, రాజస్థాన్‌లో లైసెన్సు కొట్లున్నాయి. అది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఎక్సైజు వ్యవహారం. మన గోదావరి జిల్లాల్లో అలాంటి కొట్టు నా సర్వీసంతా చూళ్లేదు. ఏజెన్సీ నుంచి కిందకి దిగే సరుకులో ఉత్త ఆకు ఏరి ఎవడూ పంపడు.

వశిష్ఠ_గాలి (రాత్రి 11:05)

ఇదే మన ఖర్మ. శివుడి మొక్క. మనవాళ్లు వేల ఏళ్లు వాడారు. తెల్లవాడు వద్దంటే మానేశాం, ఇప్పుడు వాడే ముద్దు అంటే డబ్బా కొనుక్కుంటాం. డాక్టర్లిచ్చే నొప్పి బిళ్లలతో కిడ్నీలు పోయినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు, గంజాయితో పోయినవాణ్ణి చూపించండి. మా మావయ్యకి 70. మోకాళ్ల నొప్పులతో రాత్రంతా మూలిగేవాడు. ఎవరో ఇచ్చిన ఆకు టీలో వేసుకుని తాగడం మొదలెట్టాక రెండో రాత్రికే గురక పెట్టి పడుకున్నాడు. ఇది నేను కళ్లతో చూసింది, పుస్తకంలో చదివింది కాదు.

పెద్దమాస్టారు_పాలకొల్లు (సోమవారం, ఉదయం 6:15)

వశిష్ఠ గారూ, తెల్లవాడి సంగతి మీరన్నంత తేలికైనది కాదు. కలకత్తా మెడికల్ కాలేజీలో ఓషానెస్సీ అని ఒక ఐరిష్ వైద్యుడుండేవాడు. మన దేశంలో గంజాయి వాడకాన్ని చూసి, ముందు జంతువుల మీద పరీక్షించి, 1839లో రోగులకిచ్చి రాసిపెట్టాడు. మొదట ఇచ్చినవాళ్లలో కీళ్లవాతం రోగులే ఉన్నారు! ఒకాయనకి ఎంత మత్తు ఎక్కిందంటే చెయ్యి ఎత్తి ఎలా పెడితే అలాగే మైనం బొమ్మలా ఉండిపోయిందట. వైద్యులు కంగారుపడ్డారు, తర్వాత తేరుకున్నాడు. యూరపు వైద్యంలోకి ఈ మొక్క వెళ్లింది ముఖ్యంగా ఆయన రాతల వల్లే. తర్వాత ఆయనే ఈ దేశంలో టెలిగ్రాఫు తీగలు వేయించాడు. ఇటు ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఓషానెస్సీ తీగల పని కూడా ఆ రోజుల్లోదే. అన్ని పనులూ ఒక్క మనిషే చేసే కాలం.

కొబ్బరితోట గారూ, చెప్పొచ్చేదేంటంటే, మీ తల్లిగారి జబ్బు మీద ఈ మొక్కని ప్రయోగించి చూడటం మన దేశంలోనే, నూట ఎనభై ఏళ్ల కిందటే జరిగింది. అంతమాత్రాన జబ్బు తగ్గుతుందని కాదు.

కీళ్లడాక్టరు (సోమవారం, మధ్యాహ్నం 2:10)

నేను కీళ్లవాతం చూసే వైద్యుణ్ణే. ఊరూ పేరూ వద్దు, చూడకుండా మందు రాయను కూడా. అడిగారు కాబట్టి తెలిసింది చెప్తాను.

మనం "కీళ్లనొప్పులు" అని ఒకే సంచిలో వేసేవి రెండు వేరు జబ్బులు. మోకాలి గుజ్జు అరగడం ఒకటి. వయసు, బరువు, గొంతుక్కూర్చునే పనులు, పాత దెబ్బలు దానికి కారణాలు. రెండోది రుమటాయిడ్. మన ఒంటి రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద తిరగబడుతుంది. రెండు వైపులా చిన్న కీళ్లు వాయడం, పొద్దున గంటకి పైగా బిగుతు... కొబ్బరితోట గారు చెప్పినవి ఈ రెండోదానికి దగ్గరగా ఉన్నాయి. 2006లో చికున్‌గున్యా వచ్చినప్పుడు మన ఊళ్లలో ఇలాంటి నొప్పులే నెలల తరబడి చూశాం, అది మళ్లీ వేరు.

గంజాయి మందుల మీద జరిగిన మంచి పరీక్షలు కొన్నే. 2006లో బ్రిటన్‌లో 58 మంది రుమటాయిడ్ రోగులకి ఐదు వారాలు చేశారు. మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తులేని సీబీడీ రెండూ కలిసిన స్ప్రే సగంమందికి, ఉత్తుత్తి స్ప్రే సగంమందికి నోట్లో కొట్టారు. నొప్పి కొంత తగ్గింది, నిద్ర బాగుపడింది. పొద్దుటి బిగుతు మాత్రం తగ్గలేదు. ఈ ఆఖరి వాక్యం గుర్తుపెట్టుకోండి. 2021లో డెన్మార్క్‌లో చేతివేళ్ల అరుగుదల, సోరియాసిస్ కీళ్లవాతం ఉన్నవాళ్లకి 12 వారాలు సీబీడీ బిళ్లలిచ్చారు. ఉత్తుత్తి బిళ్లకీ దానికీ తేడా రాలేదు. 2023లో వియన్నా వాళ్లు మోకాళ్ల అరుగుదల ఉన్న 86 మందికి రోజుకి 600 మిల్లీగ్రాములు, అంటే చాలా పెద్ద మోతాదు, ఇచ్చి చూశారు. అక్కడా తేడా లేదు. అమెరికాలో 2018లో అనుమతి పొందిన సీబీడీ మందు అరుదైన మూర్ఛ జబ్బులకే, కీళ్లకి కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యసంఘం కూడా 2021లో, నొప్పికి వీటిని మామూలుగా వాడమని చెప్పడానికి ఆధారాలు చాలవంది.

అంటే గమ్మీ వేసుకున్న అత్తగారు అబద్ధమాడుతున్నారని కాదు. నిద్ర పట్టడం చిన్న సంగతి కాదు. కానీ రుమటాయిడ్‌లో నొప్పి తెలియకుండా చేస్తే లోపల ఎముక కొరుక్కుపోవడం ఆగదు. 1986 గోదారి వరద చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఏటిగట్టుకి గండి పడుతుంటే వాకిట్లో నీళ్లు తోడుకుంటూ కూర్చోం కదా.

ఒక ప్రశ్న. అమ్మగారు ఇప్పుడు ఏం మందులు వాడుతున్నారు? అది మీరు రాయలేదు.

ఎడిసన్_నరసాపురం (సోమవారం, రాత్రి 8:50)

పిన్ని కూతురు నేను కాదండీ బాబూ, ముందే చెప్తున్నా! కానీ నేనూ న్యూజెర్సీలోనే ఉన్నాను కాబట్టి ఇక్కడి సంగతి. ఈ రాష్ట్రంలో రోగులకని 2010లో చట్టం వచ్చింది, డాక్టరు సిఫారసుతో కార్డు తీసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు దాటిన ఎవరికైనా షాపులో అమ్ముతున్నారు. అయితే అది రాష్ట్రం మాట. కేంద్రం దృష్టిలో ఇప్పటికీ నేరమే. వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు "వాడాను" అని అధికారి ముందు ఒప్పుకుంటే రేపు దేశంలోకి రానివ్వకపోవచ్చు, పౌరసత్వం దగ్గరా అడ్డుపడొచ్చు. అమ్మానాన్నల్ని ఆర్నెల్లకి తీసుకొచ్చి "నొప్పికి మంచిది మమ్మీ" అని పెట్టేవాళ్లు ఇది ఆలోచించట్లేదు.

మా అమ్మ సంగతి చెప్తా. పక్కింటావిడ ఇచ్చిన గమ్మీ, ఐదు మిల్లీగ్రాములది, వేసుకుంది. గంటైనా ఏమీ కాలేదని ఇంకోటి వేసుకుంది. అవి కడుపులోంచి ఎక్కాలి కాబట్టి గంట, రెండు గంటలు పడుతుంది. రెండూ కలిపి ఎక్కేసరికి "గోడ మీద దేవుడి పటం దగ్గరికొస్తోందే" అని నా చెయ్యి వదల్లేదు. గుండె దడదడ. తెల్లవార్లూ కూర్చున్నాం. మోకాళ్ల నొప్పి గుర్తు లేదంది, నిజమే. తన పేరు కూడా కాసేపు గుర్తు లేదు.

సల్మియా_రాజోలు (సోమవారం, రాత్రి 11:30)

నేను కువైట్‌లో ఇంటిపని చేస్తానండి. తెలుగు టైపింగ్ కొంచెం నిదానం. అమెరికా నుంచి గల్ఫు మీదుగా వచ్చే బంధువుల సంచిలో ఈ గమ్మీలు పెట్టించొద్దు. మిఠాయిలా ఉంటాయని తెలియక పట్టుకొస్తారు. ఇక్కడ చట్టాలు చాలా గట్టివి. నొప్పి బిళ్లలకే, ట్రమడాల్ లాంటివాటికి, చీటీ లేకపోతే ఆపేస్తారు. మా గదిలో ఒకావిడ అమ్మకోసం దాచిన బిళ్లల వల్ల ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు కూర్చుంది.

కొబ్బరితోట (మంగళవారం, రాత్రి 9:05)

ఇన్ని చెప్పినందుకు ధన్యవాదాలండి. పిన్ని కూతురికి వద్దని చెప్పేశాను. తను కొంచెం ముభావంగా పెట్టేసింది ఫోను, పర్లేదు.

ఆర్డరు పెట్టిన సీసా ఇవాళ వచ్చింది. పచ్చటి ఆకు బొమ్మ పెద్దగా వేసి, కింద "హెంప్ సీడ్ ఆయిల్" అని చిన్నగా ఉంది. పద్దెనిమిది వందలు. ఇది వాడొచ్చా?

డాక్టరు గారడిగిన మందులు: రెండేళ్ల కిందట పట్నంలో ఒక ఆసుపత్రిలో ఏవో రాశారు. వాటితో వికారంగా ఉందని అమ్మ మానేసింది. ఇప్పుడు ఏటి అవతల ఒకాయన ఇచ్చే పొట్లాలు వాడుతోంది. వనమూలికల పొడి అంటారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నిజం చెప్పాలంటే దాంతో బాగానే ఉంటుంది, మొదటి నెల అయితే పరుగెత్తింది. ఈ మధ్యే మళ్లీ ఎక్కువైంది.

మందుబిళ్ల_కాకినాడ (మంగళవారం, రాత్రి 9:20)

తమ్ముడూ ఆగు. మందుల షాపు నడిపి ఇరవై ఏళ్లయింది నాకు. సీసా సంగతి తర్వాత.

అమ్మ మొహం గుండ్రంగా ఉబ్బిందా? మెడ వెనక కండ పెరిగిందా? కొంచెం తగిలితే చర్మం కమిలి నల్లమచ్చ పడుతోందా? ఈ మధ్య షుగర్ చూశారా?

కొబ్బరితోట (మంగళవారం, రాత్రి 9:31)

అక్కా, మీకెలా తెలుసు? మొహం నిండుగా అయిందని చుట్టాలు "వైద్యం పడింది, ఒళ్లు చేసింది" అన్నారు. చేతుల మీద మచ్చలున్నాయి. షుగర్ పోయిన నెల 240. అంతకు ముందు లేదు.

మందుబిళ్ల_కాకినాడ (మంగళవారం, రాత్రి 9:44)

అది ఒళ్లు చేయడం కాదయ్యా. అలాంటి పొడుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ బిళ్లలు నూరి కలుపుతారు. డెక్సా బిళ్ల చాలా చవక. మూడు రోజుల్లో ముసలాళ్లు లేచి నడుస్తారు, పొట్లం ఇచ్చినాయనకి ఊరంతా దండం పెడుతుంది. తర్వాత షుగరు, బీపీ, కంటిపొర, ఎముకలు గుల్లవడం. ఆయన అప్పటికి ఇంకో ఊరికి మకాం మారుస్తాడు.

చూడకుండా ఇదేనని తేల్చి చెప్పలేను, కానీ నాకు అనుమానం గట్టిగా ఉంది. ముఖ్యమైన మాట: కంగారుపడి రేపటి నుంచి పొట్లం ఒక్కసారిగా మానిపించకు! నెలల తరబడి స్టెరాయిడ్ పడిన ఒంటికి సొంతంగా తయారు చేసుకునే శక్తి నిద్రపోతుంది. ఠక్కున ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. మిగిలిన పొట్లాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు.

కీళ్లడాక్టరు (మంగళవారం, రాత్రి 10:15)

అక్కగారు చెప్పింది అక్షరాలా నిజం. రేపే వెళ్లండి. రుమటాయిడ్‌ని పట్టుకునే రక్తపరీక్షలు ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, వాపు చూపించే ఈఎస్ఆర్, లివరు, కిడ్నీ, షుగరు, చేతుల ఎక్స్‌రే ఇవన్నీ వాళ్లే చూస్తారు. పొడి బదులు కొలత తెలిసిన స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, వారాల మీద కొద్దికొద్దిగా దించుతారు.

ఆసుపత్రి మందుతో వికారం అన్నారు కదా, అది రుమటాయిడ్‌ని అదుపుచేసే మెథోట్రెక్సేట్ అయ్యుండొచ్చు. అదే అయితే, అది వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు. రోజూ వేసుకుని నోరు పుండైపోయి, రక్తకణాలు పడిపోయి వచ్చినవాళ్లని చూశాను. ఫోలిక్ యాసిడ్ తోడిస్తే, రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే వికారం చాలామందికి తగ్గుతుంది. దాని గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మన జనం ఓపిక పట్టలేనిది అక్కడే, పొట్లం గెలిచేది అక్కడే.

మందుబిళ్ల_కాకినాడ (బుధవారం, ఉదయం 7:10)

ఇక సీసా. అది గింజల నూనె. నువ్వుల నూనె, అవిసె నూనె లాంటిదే. గింజలో సీబీడీ, టీహెచ్‌సీ దాదాపు ఉండవు. 2021 నుంచి మన దేశంలో దాన్ని ఆహారంగా అమ్ముకోనిస్తున్నారు. చట్నీలో వేసుకో, హాని లేదు, మోకాలికి మాత్రం పద్దెనిమిది వందల పనిచెయ్యదు. ఆకు బొమ్మకే ఆ రేటు.

నిజంగా సీబీడీ అని అమ్మేవాటి సంగతీ అంతంతే. 2017లో అమెరికాలో నెట్లో అమ్మే 84 రకాలు కొని పరీక్షిస్తే, లేబుల్ మీద రాసినంతకి సరిపోయినవి మూడోవంతు కూడా లేవు. 18 రకాల్లో టీహెచ్‌సీ కనపడింది. పైగా సీబీడీ లివరులో కొన్ని మందుల దారికి అడ్డం పడుతుంది. రక్తం పలచనయ్యే వార్ఫరిన్ వాడేవాళ్లకి మోతాదు ఎక్కువై రక్తస్రావం కావచ్చు. సీబీడీ ఎక్కువ మోతాదులో లివరు ఎంజైములు పెంచుతుంది, మెథోట్రెక్సేట్‌కీ లివరు మీదే కన్ను. రెండూ కలిపి ఎవరికీ చెప్పకుండా వాడటం అస్సలు మంచిది కాదు. వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, తిడితే పడండి.

ఆమవాతం_వైద్యుడు (బుధవారం, మధ్యాహ్నం 1:25)

నేను ఆయుర్వేదం చదివి ప్రాక్టీసు చేస్తున్నాను, భీమవరం వైపు. మా శాస్త్రంలో గంజాయి మొక్క పేరు విజయ. ఔషధ నిబంధనల్లో విషద్రవ్యాల జాబితాలో ఉంటుంది. శుద్ధి చేసే వాడాలి, సీసా మీద వైద్య పర్యవేక్షణలో వాడాలనే హెచ్చరిక ఉండాలి. లైసెన్సు నంబరు, తయారీదారు చిరునామా లేని "విజయ తైలం" ఎంత బాగా వాసనొచ్చినా కొనొద్దు.

ఇంకో సంగతి వశిష్ఠ గారి కోసం. మన పెద్దలు వేల ఏళ్లు వాడారు సరే. కానీ ఆమవాతానికి, అంటే ఇలాంటి కీళ్లవాతానికి, మా గ్రంథాల్లో ముందు వరసలో కూర్చున్నది విజయ కాదు. లంఘనం, శొంఠి, ఆముదం, గుగ్గులు. పైగా కీలు ఎర్రగా వేడిగా వాచి ఉన్నప్పుడు నూనె మర్దనా వద్దంటుంది శాస్త్రం. పొడి కాపడం పెట్టమంటుంది. ఇసుక వేయించి, గుడ్డలో మూటకట్టి, చేతి మీద వేడి చూసుకుని కాపాలి. గోదారొడ్డున ఉన్నవాళ్లకి అంతకంటే చవకైన వైద్యం ఏముంది? షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది, కాలకుండా జాగ్రత్త.

పులసపులుసు (బుధవారం, మధ్యాహ్నం 1:32)

సార్, గంజాయి కంటే ఇసుక తెచ్చుకోవడమే కష్టమండి మన దగ్గర ఇప్పుడు.

గోదారిగట్టు64 (బుధవారం, మధ్యాహ్నం 1:50)

ఒక మూటకి ఎవడూ ఆపడు లెండి. లారీకే.

వశిష్ఠ_గాలి (గురువారం, రాత్రి 11:48)

మొన్న మావయ్య గురించి రాశాను కదా. అంతా రాయలేదు. రెండు రోజుల్నుంచి అదే తొలుస్తోంది.

ఆ టీ తాగిన మూడో వారం, రాత్రి పెరట్లోకి వెళ్తూ పడిపోయాడు. మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగాయంట. తుంటి విరిగింది. నాచు మీద జారాడని ఊళ్లో చెప్పుకున్నాం. ఆసుపత్రిలో కూడా అదే చెప్పాం. టీ సంగతి ఆపరేషన్‌కి మత్తిచ్చే డాక్టరుకి కూడా చెప్పలేదు, భయం వేసి. ఆపరేషన్ అయింది, కర్రతో నడుస్తున్నాడు. నొప్పికి ఇప్పుడు బిళ్లలే వాడుతున్నాడు.

మొక్క చెడ్డదని ఇప్పటికీ అనను. ఆ రెండు వారాలు ఆయన నిద్రపోయిన మాట నిజం. కానీ మిగతా సగం దాచి చెప్పడం తప్పనిపించింది.

కీళ్లడాక్టరు (శుక్రవారం, ఉదయం 6:40)

రాసినందుకు సంతోషం. టీహెచ్‌సీ గుండె వేగం పెంచుతుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోయేలా చేస్తుంది. పెద్దవాళ్లకి ఆ రెండూ కలిస్తే ఇదే జరుగుతుంది. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరుకి మాత్రం ఎప్పుడూ దాచకండి, ఆ మత్తుకీ ఈ మత్తుకీ పొత్తు కుదరదు. మీరు చెప్పినదాన్ని ఆయన పోలీసులకి చెప్పడు, మందు మోతాదుకి వాడుకుంటాడు.

పనిలో పని. చుట్ట, బీడీ అలవాటున్న కీళ్లవాతం రోగులు, లంక పొగాకైనా సరే, మానండి. పొగ తాగేవాళ్లలో రుమటాయిడ్ రావడమూ ఎక్కువే, మెథోట్రెక్సేట్ పనిచెయ్యడమూ తక్కువే. "మందుకోసం" గంజాయి పొగ పీల్చేవాళ్ల ఊపిరితిత్తులకీ పొగ పొగే.

లక్కవరం_అమ్మాయి (శుక్రవారం, ఉదయం 9:15)

మా నాయనమ్మకి రుమటాయిడే. మందులతో పాటు మేం చేసినవి: బిందె మానేసి కొళాయికి గొట్టం పెట్టాం, డబ్బా మూతల్లో రబ్బరు ముక్క అంటించాం, గరిటెల పిడులకి పాత సైకిలు ట్యూబు చుట్టాం, కుర్చీ మరుగుదొడ్డి కట్టించాం. ఫిజియోథెరపీలో వేడి మైనంలో చేతులు ముంచుతారు, తీశాక వేళ్లు ఆడతాయి. పొద్దున లేవగానే గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పది నిమిషాలు చేతులు పెట్టి, పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉంటుంది. "ఊడ్పుల్లో బురదలో ముంచిన చేతులు, ఇప్పుడు గిన్నెలో ముంచుతున్నా" అని నవ్వుతుంది.

చర్చ నిర్వాహకులు (శుక్రవారం, మధ్యాహ్నం 12:00)

"ఎక్కడ దొరుకుతుంది, నాకు మెసేజ్ చెయ్యండి" అని వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాం. పొట్లాలిచ్చే వ్యక్తుల పేర్లు, ఊర్లు కూడా రాయొద్దు. అనుమానం ఉంటే మందుల తనిఖీ అధికారికి ఫిర్యాదు ఇవ్వండి. మత్తు నుంచి బయటపడాలనుకునేవాళ్లు చికిత్సకి తమంతట తాము వెళ్తే చట్టంలో కొంత రక్షణ ఉంది, భయపడి ఆగిపోకండి.

కొబ్బరితోట (నాలుగు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20)

ఈ చర్చని మళ్లీ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. ఇన్నాళ్లూ రాయకపోవడానికి బద్ధకమే కారణం.

మర్నాడే తీసుకెళ్లాను. రుమటాయిడే. యాంటీ సీసీపీ చాలా ఎక్కువ. పొట్లాలు చూసిన డాక్టరమ్మ ఒకటి విప్పి వేలితో రాసి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టారు. స్టెరాయిడ్ మాత్ర మొదలెట్టి దించుతున్నారు, ఇంకా పూర్తిగా ఆగలేదు. మెథోట్రెక్సేట్ ఆదివారం రాత్రి. క్యాలెండరులో ఆదివారాల మీద అమ్మే కుంకుమ బొట్టు పెట్టుకుంది, మర్చిపోకుండా. మొదటి రెండు నెలలు నరకం. పొట్లం కావాలని ఏడ్చింది. "నీకేం, నొప్పి నాది" అంది. నిజమే కదా, నేనేమంటాను. ఒక రాత్రి రెండింటికి లేచి ఆ దింపు అతనికి ఫోన్ చేద్దామా అని నంబరు కూడా తీశాను. చెయ్యలేదు. అది నా గొప్పతనం కాదు, సిగ్నల్ లేదు.

మూడో నెలలో తేలిక పడింది. ఇప్పుడు పొద్దుటి బిగుతు అరగంట. మోకాలు అలాగే ఉంది, అందులో కొంత అరుగుదల కూడా ఉందట. షుగరు 150కి దిగింది. మొహం పాత మొహంలా అవుతోంటే "చిక్కిపోయావేంటి" అంటున్నారు చుట్టాలు.

దింపు అతను మొన్న దింపుకొచ్చినప్పుడు శీలావతి నూనె సీసా తెచ్చి చూపించాడు. మూత తీస్తే కర్పూరం వాసన, నువ్వుల నూనె వాసన, అంతే. ఎవడో వీణ్ణి కూడా మోసం చేశాడు. "నువ్వు రాసుకుంటావా?" అనడిగితే ప్యాంటు పైకి లాగి మోకాలు చూపించాడు. కొబ్బరిబోండాం అంత వాచి ఉంది. ఏడాదిగా అలాగే చెట్లెక్కుతున్నాడు, మాకు తెలీదు, మేమడగలేదు. వచ్చే గురువారం అమ్మకి చెకప్ ఉంది. బండి ముందు సీట్లో అతన్నీ ఎక్కించుకుంటున్నాను.

ఇవాళ పొద్దున అమ్మ అరచెక్క కొబ్బరి కోరింది. అరచెక్కే. అట్లలోకి పచ్చడి.

పులసపులుసు (సాయంత్రం 5:26)

పచ్చడిలోకి ఆ పద్దెనిమిది వందల నూనెతో పోపు పెట్టారా లేదా? అది చెప్పండి ముందు.

కొబ్బరితోట (సాయంత్రం 5:31)

పెట్టాం. బాగుంది.